నాలుగో కాపీ

పాపను నర్సరీలో చేర్చడానికి జనన ధ్రువపత్రం జిరాక్స్ కావాలన్నారు. కామారెడ్డిలో మా వీధి చివరి షాపుకు వెళ్ళాను. దారిలోనే ఆ పత్రంలో పాప పేరు మూడుసార్లు సరిచూసుకున్నాను. ఒక్క అక్షరం తేడా పడితే ఈ పిల్ల రేపు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో అని ఇప్పటినుంచే భయపడతాను. షాపులో నాకంటే ముందు గాంధారి నుంచి వచ్చిన ఒకామె నిలబడి ఉంది. ఆమె ఇచ్చిన కాగితాన్ని షాపతను యంత్రం మీద బోర్లించబోతుంటే అందులోని చేతిరాత నా కంటబడింది. తలకట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. పెన్ను ఎంత నొక్కి రాశారంటే, కాగితం వెనకవైపు అక్షరాలు ఉబ్బి కనబడుతున్నాయి.

"అక్కా, గిది ఎల్లారెడ్డి మున్షీ రాసిచ్చిండా?" అని అడిగాను.

"అవు. నీకెట్ల తెల్సు?"

"మా అమ్మకు గూడ రాసిచ్చిండు."

"అదృష్టం మీది, నాది. ఇంక ఎవ్వలకు రాస్తడు? పాయె గదా. నెల కావస్తుంది."

ఇంటికి వచ్చి ఎల్లారెడ్డిలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అప్పుడు పాపకు జెరం ఉండె. గీ ముచ్చట చెప్తే నువ్వు ఇంకింత పరేషాన్ అయితవని చెప్పలె" అంది అమ్మ.

ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. ఏ ఊళ్ళో పుట్టాడో, పిల్లలెందరో కూడా సరిగా తెలియదు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదివాడని, తెలుగు తనంతట తాను నేర్చుకున్నాడని అనేవారు. ఎల్లారెడ్డి బీడీ కార్ఖానాలో మున్షీగా, అంటే లెక్కలూ కాగితాలూ రాసే గుమాస్తాగా పనిచేశాడు. అందరూ మున్షీ అనే పిలిచేవారు. నాకు తెలిసిందల్లా ఆయన ఎలా రాసేవాడన్నది.

మా అమ్మ బీడీలు చేసేది. కంపెనీ ఆకు, తంబాకు తూచి ఇస్తుంది. ఆడవాళ్ళు ఇంట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టి, కట్టలు కట్టి, కార్ఖానాలో అప్పజెప్పి వస్తారు. బడి లేని రోజు నేను కూడా అమ్మ వెంట వెళ్ళేదాన్ని. వరండాలో ఒక పొడవాటి బల్ల ఉండేది. కొన్నేళ్ళకోసారి కంపెనీకీ యూనియన్‌కూ మధ్య కొత్త ఒప్పందం జరిగేది. ఒకవైపు మేనేజరు మనుషులు, ఇంకోవైపు యూనియన్ ఆడవాళ్ళు కూర్చునేవారు. మున్షీ బల్లకు పొట్టివైపు, తలుపు దగ్గర, ఒక్కడే కూర్చునేవాడు. జీతం ఇచ్చేది కంపెనీ కాబట్టి ఆడవాళ్ళు ఆయన్ని కంపెనీ మనిషి అనేవారు. ఆడవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తాడు కాబట్టి మేనేజరుకు ఆయన యూనియన్ మనిషేమోనని అనుమానం. ఎవరేమన్నా ఆయన కుర్చీ జరిపేవాడు కాదు.

మాటలు జరుగుతున్నంతసేపూ ఒక చిత్తు పుస్తకంలో రాసుకునేవాడు. అంతా అయ్యాక మంచి కాగితం మీద శుద్ధంగా ఎత్తిరాసేవాడు. నాలుగు కాగితాలు, మధ్యలో మూడు కార్బన్లు. కిందికి పోయేకొద్దీ రాత మసకబారేది. అంచులు బల్లకు తట్టి సరిచేసి, పైన గుండుసూది గుచ్చి, మోచేతి దాకా బలం పెట్టి రాసేవాడు. ఆయన చూపుడువేలి పక్కన రేగుగింజంత కాయ కాసి ఉండేది. మధ్యలో ఒక్క అక్షరం తప్పు పడినా కొట్టివేసేవాడు కాదు. నాలుగు కాగితాలూ చింపి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. అప్పటికి చీకటి పడితే ఆడవాళ్ళు విసుక్కునేవారు.

"మొదటిది మాలక్‌కు, రెండోది యూనియన్‌కు, మూడోది సర్కారుకు" అని లెక్క చెప్పేవాడు.

"నాలుగోది?" అని ఎవరో ఒకరు కావాలనే అడిగేవారు.

"నాలుగోది నాకు."

"నీకెందుకు మున్షీ? నీకేమన్న రేటు పెరుగుతదా?"

"ఆ మూడు పోతయి. గిది ఉంటది. దీన్ని ఎవ్వలు అడుగరు గనక ఉంటది."

ఒకసారి ఒకామె, "మున్షీ, నీ లగ్గంపత్రిక గిట్ల గూడ నాలుగు కాపీలు రాసినవా?" అంది. అందరూ నవ్వారు.

ఆయన తల ఎత్తకుండా, "రాసిన. మొదటిది మీ అక్కకిచ్చిన, నాలుగోది నాకు. గందుకే ఇంట్ల నా మాట మసక" అన్నాడు.

ఇంకోసారి కంపెనీవాళ్ళు ఈసారి మాటలు పోచారం చెరువు దగ్గర పెట్టుకుందామని, అక్కడే భోజనాలు కూడా ఉంటాయని అన్నారట. యూనియన్ నాయకులు కొందరు సరేనన్నారట. మున్షీ మాత్రం రానన్నాడట. "చెరువు కాడ కోడికూర తిన్న నోటితోని ఏమంటరో నాకు ఎరుకే. గది నేను రాయ. కార్ఖానల మాట్లాడుండ్రి, రాస్త." చివరికి మాటలు కార్ఖానాలోనే జరిగాయి. ఆ సంగతి మా నాయనమ్మ చాలాసార్లు చెప్పేది. యూనియన్ తరఫున బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె ఒకతె.

నాలుగో కాపీలు ఇంట్లో ఇనుప పెట్టెలో పెట్టుకునేవాడు. చెదలు పట్టకుండా కాగితాల మధ్య తంబాకు పొడి చల్లేవాడు. వాళ్ళింట్లోకి అడుగుపెడితే ముక్కు మండేది. ఆయన భార్య తుమ్ముతూనే మాట్లాడేది. ఆ కార్బన్ రాత ఎంత లేతగా ఉండేదంటే, మామూలుగా చూస్తే తెల్లకాగితమే. ఆయన కిటికీ దగ్గర నిలబడి, ఎండ ఏటవాలుగా పడేటట్టు కాగితాన్ని వంచి, వెనకవైపు వేళ్ళతో తడుముతూ చదివేవాడు. ఇంకెవ్వరికీ అది చేతకాదు.

నాకు ఆయనతో పని పడింది మాత్రం పెళ్ళయి, పాప పుట్టాక.

బీడీ పనిలో కార్డు ఒకరి పేరు మీద ఉంటుంది. ఆకు ఆ పేరు మీదే ఇస్తారు. కార్ఖానాలో ఆ పేరే పిలుస్తారు. పీఎఫ్ నంబరు కూడా ఆ పేరు మీదే ఉంటుంది. మా ఇంటి కార్డు నాయనమ్మది. ఆమెకు కళ్ళు మసకబారినప్పటినుంచి ఆ కార్డు మీద బీడీలు చేసింది అమ్మ. కార్ఖానాలో నాయనమ్మ పేరు పిలిస్తే అమ్మ లేచి వెళ్ళేది. నాయనమ్మ చనిపోయాక కార్డు అమ్మ పేరు మీదికి మారలేదు, మా మేనత్త పేరు మీదికి మారింది. మేనత్త పెళ్ళయి పెద్దకొడప్‌గల్‌లో వ్యవసాయం చేసుకుంటోంది. ఆమె ఆ కార్ఖానా గడప తొక్కి ఎన్నేళ్ళయిందో. అప్పటినుంచి మేనత్త పేరు పిలిస్తే అమ్మ లేచి వెళ్ళేది. పని ఇస్తున్నారు, ఆకు ఇస్తున్నారు, పేరులో ఏముందిలే అనుకుంది అమ్మ. ఎల్లారెడ్డిలో చాలా ఇళ్ళల్లో ఇదే కథ.

ఇప్పుడు అమ్మకు భుజం లేవడం లేదు. దగ్గు పోవడం లేదు. బీడీ కార్మికుల పింఛనుకు పెట్టుకుందామంటే, సొంత పేరు మీద పీఎఫ్ నంబరు ఉండాలన్నారు. అమ్మ జీవితమంతా బీడీలు చేసింది కానీ, ఏ కాగితం మీదా బీడీ కార్మికురాలు కాదు. మేనత్త మంచిది, తనకేమీ వద్దంది, ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతానంది. ఆఫీసులో అది చాలదన్నారు. ఏ ఒప్పందం ప్రకారం కార్డు ఆమె పేరు మీదికి మారిందో ఆ కాగితం తెమ్మన్నారు. కంపెనీ తన కాపీ లేదంది. యూనియన్ ఆఫీసు ఎప్పుడో మూసేశారు. సర్కారు కాపీ జిల్లాలు విడిపోయినప్పుడు ఎటుపోయిందో ఎవరికీ తెలియదు.

"మున్షీ బాపు కాడికి పోదాం" అంది అమ్మ.

పాపను ఎత్తుకుని వెళ్ళాను. ఆ తంబాకు వాసనకు పాప ఊపిరి ఎక్కడ పట్టేస్తుందోనని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన చూసి ఏమీ అనకుండా పెట్టెను వాకిట్లోకి లాక్కొచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అమ్మను చూసి, "రా" అని మా నాయనమ్మ పేరు పెట్టి పిలిచాడు. ఆయనకు తెలిసిన అమ్మ పేరు అదే.

ఒక గంట వెతికి కాగితం తీశాడు. ఎండకు వంచి చదివాడు.

"కార్డుదారు పని మానినచో లేక మరణించినచో, ఆ కార్డును ఆ ఇంటి ఆడబిడ్డ పేరున మార్చవలెను."

అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మున్షీ రిటైరయ్యాక బయటినుంచి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. ఆడబిడ్డ అంటే ఇంట్లో పుట్టిన కూతురు అని ఆయన అర్థం చేసుకున్నాడు. కోడలు ఆ ఇంటి ఆడబిడ్డ కాదు కదా. కార్డులన్నీ పెళ్ళయి వెళ్ళిపోయిన కూతుళ్ళ పేర్ల మీదికి వెళ్ళిపోయాయి.

ఆ మాట మున్షీకి చెప్పాను. "కోడండ్లకు మార్చలేదా?" అని అడిగాడు. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. "తాతా, గిది మీరు తప్ప ఇంకెవ్వలు చదవలేరు. ఆడమనిషి అని ఉన్నదని చెప్పరాదు? ఎవ్వలకు తెలుస్తది?" అన్నాను.

"గందుకే బిడ్డా" అన్నాడు.

కాగితం మడిచి పెట్టాడు. అమ్మ నా మోచేయి పట్టుకుని లాగింది. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళు దాచిన కాగితం అమ్మకు కాకుండా ఆ మేనేజరుకు సాక్ష్యంగా మిగిలిందనిపించింది.

అమ్మ లేవబోతూ నెమ్మదిగా అంది: "గా మాట మా అత్త అన్నదే, బాపు. యాదికున్నది. బీడీలు చేసే ఆడబిడ్డ అని చెప్పొచ్చిన అని ఇంటికొచ్చి అన్నది. మనం ఆడోళ్ళందరిని ఆడబిడ్డలనే అంటం గదా. బస్సుల సీటియ్యమన్నా, ఆడబిడ్డ నిలవడ్డది జరుగుండ్రి అంటం. గా సారుకు మన భాష ఎరుక లేకపాయె."

మున్షీ పెట్టె అడుగుకు చెయ్యి పెట్టి చిత్తు పుస్తకాలు తీశాడు. అవి పెన్సిల్ రాతలు, కాబట్టి నేను కూడా చదవగలిగాను. ఆ రోజు ఎవరేమన్నారో వరసగా ఉంది. నాయనమ్మ పేరు పక్కన ఇలా ఉంది: "ఇంట్ల ఏ ఆడబిడ్డ చాట ముంగట కూసుంటే ఆమె పేరే రాయాలె." కింద, "మేనేజరు: సరే."

శుద్ధ ప్రతిలో చాట లేదు, కూర్చోవడమూ లేదు. ఆయన కాగితాన్ని తీసి నాకు చూపించాడు. ఆ షరతు పేజీలో చివరి వరుస. దాని కింద సంతకాలకు, వేలిముద్రలకు వదిలిన జాగా. పూర్తి మాట రాస్తే ఇంకో పేజీ పట్టేది. ఇంకో పేజీ అంటే ఇంకో నాలుగు కాగితాలు, మూడు కార్బన్లు. ఆ రోజు వాడిన కార్బన్లు అరిగిపోయాయట, కార్ఖానాలో కొత్తవి లేవట.

"ఒక్క వరుస కోసం కోసిన" అన్నాడు. "అందరికి చదివి వినిపించిన. ఇంటి ఆడబిడ్డ అంటే అందరు మంచిగున్నదన్నరు. మీ అత్త గూడ అన్నది. చెవికి తప్పు తెలువలె. నాక్కూడ తెలువలె."

ఆయన భార్య లోపలినుంచి, "గిప్పుడేమంటున్నవ్?" అంది.

"తప్పు రాసిన్నే" అన్నాడు.

"నువ్వా?" అంది ఆమె. మళ్ళీ తుమ్మింది.

మరుసటి వారం మాతోపాటు బస్సులో కామారెడ్డికి వచ్చాడు. పుస్తకాన్ని, ఒప్పందాన్ని ఒక తువ్వాలులో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. కంపెనీనుంచి కూడా ఒకతను వచ్చి కూర్చున్నాడు.

"పెద్దాయనా, మీరు కంపెనీ తరఫునా, కార్మికుల తరఫునా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఎవ్వలి తరఫున కాదు సార్. రాసినోన్ని."

చిత్తు పుస్తకంలో ఎవరి సంతకాలూ లేవు, అది చెల్లదని కంపెనీ మనిషి అన్నాడు. అది నిజమే. ఆఫీసరు కూడా తలూపాడు.

మున్షీ ఒప్పందంలోని షరతు చదివి వినిపించి, దాన్నీ పుస్తకాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "సంతకాలున్నదాంట్ల రాత నాది. సంతకాలు లేనిదాంట్ల రాత నాది. అప్పటి మేనేజరు సరే అన్నడు, నేను ఇన్న. ఎత్తిరాసినప్పుడు మాట ఇడిచిపెట్టిన. తప్పు వీళ్ళది కాదు, కంపెనీది కాదు, నాది. నాది అని రాసిస్త. గది చెల్లుతదా?"

"రాసివ్వండి. చూద్దాం" అన్నాడు ఆఫీసరు.

మున్షీ కార్బన్ పేపరు అడిగాడు. అక్కడ ఎవరి దగ్గరా లేదు. జిరాక్స్ తీసిస్తామంటే వద్దన్నాడు. అవే మాటలు రెండుసార్లు, చేత్తో రాశాడు. సగంలో ఆగి అమ్మ వైపు తిరిగాడు.

"నీ పేరేంది బిడ్డా?"

అమ్మ తన పేరు చెప్పింది. ఆయనకు వినబడలేదు. ఇంకోసారి చెప్పింది. ఇన్నేళ్ళు ఆయన చేతికి బీడీ కట్టలు అందించిన మనిషి పేరు ఆయనకు ఆ రోజే తెలిసింది. రాసి, కాగితం నా వైపు తిప్పి, "అక్షరం అక్షరం చూడు" అన్నాడు. చూశాను. సరిగ్గానే ఉంది.

ఉత్తర్వు రావడానికి చాలా నెలలు పట్టింది. ఈలోగా ఊళ్ళో, చుట్టుపక్కల తెలిసిపోయి, కోడళ్ళు ఒక్కొక్కరే ఆయన ఇంటికి వెళ్ళసాగారు. అందరికీ అదే విషయం కాబట్టి ఒకటి రాసి మిగతావి జిరాక్స్ తీసుకుందామని నేనే సలహా ఇచ్చాను. ఒప్పుకోలేదు. "తప్పు ఒక్కొక్కలకు తలిగింది. ఒక్కొక్కలకు రాస్త" అన్నాడు. అప్పటికే చెయ్యి వణుకుతోంది. రోజుకు ఒక్కటే రాయగలిగేవాడు. అన్నిట్లో మొదటి వాక్యం ఒకటే: ఒప్పందము ఎత్తిరాయునపుడు కార్మికులు చెప్పిన మాటను నేను పూర్తిగా రాయలేదు. ఆ వాక్యం ఆయన ఎన్నిసార్లు రాశాడో నాకు తెలియదు. నొక్కి రాయడం మాత్రం మానలేదు.

అమ్మ పేరు మీద నంబరు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చిన రోజు, ఆయనకు చూపించాలని వెళ్ళాం. ఆ వాకిట్లో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు కాగితాల కోసం కూర్చుని ఉన్నారు. ఆయన ఉత్తర్వు తీసుకుని మొదటినుంచి చివరిదాకా మనసులో చదివాడు. చదవడం అయ్యాక, ఒకప్పుడు కార్ఖానాలో కార్డు పిలిచినట్టే, గొంతు పెంచి అమ్మ పేరు పిలిచాడు.

ఎవరూ పలకలేదు. అమ్మ కూడా పలకలేదు. పిలిచింది ఇంకెవరినో అన్నట్టు పక్కనున్న ఆడవాళ్ళ వైపు చూసింది.

మళ్ళీ పిలిచాడు. పక్కనామె అమ్మ భుజం తట్టి, "నిన్నేనే" అంది.

"ఆఁ, ఉన్న బాపు" అంది అమ్మ, లేచి నిలబడి.